ఈల వెయ్యని వాల్వు

నాచారం టైర్ల షెడ్డులో తలుపు ఊడి జీవన్ చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మధ్యలో ఒక వారం తప్పిపోయినవారి కోసం నాలుగు మాటలు.

ఆ షెడ్డులో అరిగిపోయిన బస్సు టైర్లకు కొత్త రబ్బరు పట్టీ అంటిస్తారు. వాటిని ఇనుప పీపాలాంటి పెద్ద చాంబరులో పెట్టి, వేడి గాలి నింపి ఉడికిస్తారు. ఉడికాక గాలి వదిలేసి, తలుపు చుట్టూ ఉన్న రింగును తిప్పి తెరుస్తారు. ఆ రోజు పక్కన నిలబడి రింగు తిప్పినవాడు మోషే. టైర్లు లాగే కొక్కెం పట్టుకుని తలుపుకి ఎదురుగా నిలబడ్డవాడు జీవన్. లోపల గాలి ఇంకా మిగిలే ఉంది. ఎద్దంత బరువున్న తలుపు కీళ్లు తెంపుకుని జీవన్‌ని ఎత్తుకుపోయి ఎదుటి గోడకు వేసి కొట్టింది. గోడ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నీళ్లు కొట్టి కడిగినా పోలేదు.

మోషే చెయ్యి కాలింది. నేరం అతని మీద పడింది. చెంగిచెర్ల శ్మశానంలో జీవన్ తండ్రి రాజయ్య, కొడుకుని మట్టిలో పెట్టి లేస్తూనే, "మోషే ఇంట్ల గూడ ఒక పీనుగ లేస్తది, రాసిపెట్టుకోన్రి" అన్నాడు. ఆ షెడ్డులోనే పనిచేసి రిటైరైన మనిషి అతను. కొడుకుని అక్కడ పనికి పెట్టిందీ అతనే.

పోలీసులు కోరగా, ప్రమాదాలకు కారణాలు తేల్చే ఇంజినీరు అరుణకుమారి దమ్మాయిగూడ నుంచి వచ్చింది. రెండు సంగతులు కనిపెట్టింది. మొదటిది, గాలి బయటికి పోయే గొట్టం వంపులో మసి గడ్డకట్టి ఉంది. రెండోది, తలుపు మీదుండే ఈల వాల్వు. రింగు తిప్పేముందు ఆ చిన్న వాల్వును విప్పుతారు. లోపల గాలి ఉంటే సన్నగా ఈల వేస్తుంది. ఈల రాకపోతే చాంబరు ఖాళీ అయిందని అర్థం. విరిగిన తలుపు మీది ఈల వాల్వు నోట్లో పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకి వాసన చూస్తే పసుపు. గడిచిన భాగం అక్కడ ఆగింది.

ఇప్పుడు మధ్యాహ్నం. పక్క షెడ్డులో రెండో చాంబరు నడుస్తోంది. దాని గాలి కూడా అదే గొట్టంలోంచి పోవాలి. దాని దగ్గర మోషే తమ్ముడు రవి కుమార్ ఉన్నాడు. అన్న దవాఖానాలో ఉన్నాడని ఆ పని తమ్ముడికి ఇచ్చారు.

"ఆపడానికి నాకో కారణం చెప్పండి మేడమ్," అన్నాడు మేనేజరు త్రిమూర్తులు. "పోలీసులు ఈ షెడ్డుకి సీలు వేశారు, పక్కదానికి వెయ్యలేదు. లోపల టైర్లు ఉడుకుతున్నాయి. మధ్యలో ఆపితే అన్నీ పారబొయ్యాల్సిందే. ఓనరుగారికి ఏమని చెప్పను? మేడమ్‌గారికి అనుమానంగా ఉందంట అని చెప్పనా?"

"గొట్టం రెంటికీ ఒక్కటే గదా సార్. అది మూసుకపోయి ఉన్నదని మీకు చూపించిన."

"నిన్ననే దులిపించానండీ."

"దసరా పండక్కి గూడ దులిపిన్రు. దులిపిన మసి బయటికి రాలే, వంపుల పడి కూసున్నది. పండగ దులుపుడే పానం మీదికి తెచ్చింది. నిన్న దులిపింది ఏడికి పోయిందో మీరు చూసిన్రా?"

త్రిమూర్తులు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. జీవన్ పోయిన రోజున అతను కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా లేచిపోయిన మాట నిజం. మర్నాడు పొద్దున్నే రెండో చాంబరు వెలిగించమని మనుషుల్ని పంపిన మాట కూడా నిజం.

"ఈల ఉంది గదా మేడమ్. ఈల చెప్తుంది. విని తెరుస్తాడు కుర్రాడు. వాళ్లన్నలాగా తొందర పడకపోతే చాలు."

అప్పుడే కానిస్టేబులు మోషేని తీసుకొచ్చాడు. భుజం నుంచి వేళ్ల దాకా కట్టు. కనుబొమలు కాలిపోయి ముఖం బోసిగా ఉంది. ఒక చెవి వినపడటం లేదు, మాట్లాడేవాళ్ల వైపు రెండో చెవి తిప్పుతున్నాడు. దవాఖానా నుంచి గేటు దాకా వెంట వచ్చిన తల్లి పాపమ్మని లోపలికి రానివ్వలేదు. లోపలికి నడిచేటప్పుడు మోషే వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆమె అక్కడే కూలబడుతుందని అతనికి తెలుసు. ఆమె మాత్రం గేటు ఊచలు పట్టుకుని, షెడ్డు నీడ అతన్ని మింగేదాకా చూసింది.

"అన్నా, ఆ రోజు ఎట్ల జేసినవో అట్లనే చేసి చూపియ్యి," అంది అరుణకుమారి. "తొందరేం లేదు."

తలుపుని గోడకు ఆనించి నిలబెట్టారు. ఒక అంచు వంగి, నల్లగా ఉంది. మోషే దాని దగ్గరికి రావడానికి రెండుసార్లు అడుగు వేసి ఆగాడు. మూడోసారి వచ్చాడు.

"గాలి ఇడిసిన. గేజు ముల్లు కిందికొచ్చింది. దాన్ని మేం నమ్మం మేడం, అది ఎన్నడో ఖరాబైంది. గందుకే ఈల విప్పిన." బాగున్న చేత్తో గాలిలో చిన్న పిడి తిప్పినట్టు చూపించాడు. "సప్పుడు రాలే. రింగు తిప్పిన."

"తేలిగ్గ తిరిగిందా?"

"గట్టిగనే ఉండె. ఎప్పుడూ గట్టిగనే ఉంటది."

"సప్పుడు రాకుంటే నీకు డౌటు రాలేదా?"

"పండగ సంది ఈల రానే లేదు. గొట్టం సాఫ్ జేసినం గద, గాలి మంచిగ పోతున్నది అనుకున్నం. ఈల లేకుంటే ఖుషీ అయినం మేడం. ఇద్దరం అయినం." ఎదుటి గోడ వైపు చూశాడు. "ఇంక ఈల గోల తప్పింది బావా అన్నడు జీవన్."

"ఈల నోట్లె పసుపు ఉన్నది. ఎవరు పెట్టిన్రు?"

"నాకు తెల్వది."

దవాఖానాలో అడిగినప్పుడు కూడా ఇదే జవాబు. అప్పుడూ ఇలాగే నేల చూశాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి ఒకే అబద్ధాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడని అరుణకుమారికి అర్థమైంది. ఎందుకన్నదే అర్థం కాలేదు.

రాజయ్య ఎటునుంచి వచ్చాడో ఎవరూ చూడలేదు. ముందు గేటు దగ్గర పోలీసు ఉన్నాడు. కాని వెనక, చచ్చిన టైర్ల గుట్టల మధ్య నుంచి ఒక దారి ఉందని ఆ షెడ్డులో జీవితమంతా గడిపిన మనిషికి తెలియదా. చేతిలో టైర్లు విప్పే ఇనుప రాడ్డు ఉంది. నాలుగు అంగల్లో వచ్చి, కట్టు కట్టిన చేతి మీద కొట్టాడు.

పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. మోషే నోరు తెరిచాడు గాని అరుపు రాలేదు. మోకాళ్ల మీద పడ్డాడు. రెండో దెబ్బ వీపు మీద పడింది. మూడోది తలకు గురిపెట్టింది. అప్పటికి మోషే పక్కకు ఒరిగిపోవడంతో అది చాంబరు అంచుకు తగిలి నిప్పురవ్వ లేచింది. కానిస్టేబులు వెనక నుంచి నడుం పట్టుకున్నాడు. రాజయ్య మోచేత్తో వెనక్కి పొడిచాడు. కానిస్టేబులు ముక్కు పట్టుకుని కూర్చుండిపోయాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతుంటే.

"లెవ్వురా," అన్నాడు రాజయ్య. గొంతు పెంచలేదు. "నా కొడుకును బావా బావా అని పిలిస్తివి గద. మా ఇంట్ల వాళ్లమ్మ దుర్గమ్మ చేతి అన్నం తింటివి గద. లేసి ఒక్కపారి పిలువు. గోడల కెల్లి పలుకుతడేమో సూద్దం."

"కొట్టు మామా," అన్నాడు మోషే నేల మీంచి. పెదవి చిట్లి మాట సరిగా రావడం లేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "నేనే తిప్పిన. కొట్టు."

రాడ్డు లేచింది. అరుణకుమారి మధ్యలోకి వచ్చింది. ఎందుకు వచ్చిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. కాళ్లు వచ్చాయి, అంతే. రాడ్డు ఆగేసరికి కొస ఆమె కణతను గీసుకుపోయింది. కళ్లద్దాలు ఎగిరి ఎక్కడో పడి పగిలాయి. చెంప మీద వెచ్చగా కారుతోంది.

"జరుగమ్మా," అన్నాడు రాజయ్య. "నీతోని నాకు పంచాతి లేదు."

"ఆయన తప్పు లేదు పెద్దాయన. ఈల మూసుకపోయి ఉన్నది. ఆ రింగు మీరు తిప్పినా తలుపు అట్లనే ఊడుతుండె."

"ఎవడు మూసిండు?"

కింద పడి ఉన్న మోషే తల అటూ ఇటూ ఆడించాడు. చెప్పొద్దని అరుణకుమారికి సైగ చేస్తున్నాడు. చెప్పడానికి ఆమెకు తెలిస్తే గదా.

రబ్బరు డ్రమ్ముల వెనక నుంచి త్రిమూర్తులు గొంతు వచ్చింది. ఆ రాడ్డు తర్వాత ఎవరి వైపు తిరుగుతుందోనని అతని భయం.

"పసుపు, రాజయ్యా. ఆయుధపూజనాడు పెట్టిన పసుపు. నీ కొడుకే పెట్టాడు. తలుపంతా మెత్తి, ఆ ఈల నోట్లో కూడా వేలితో కుక్కాడు. నేనక్కడే ఉన్నాను. నా కళ్లతో చూశాను."

రాజయ్య మోషే మీదికి వంగాడు. "అవద్దమని చెప్పు."

మోషే కళ్లు మూసుకున్నాడు.

"అవద్దమని చెప్పురా."

"మామా..."

"పెట్టిండా?"

"పెట్టిండు." మోషే కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "మా బాపు ప్రతి దసరాకు పెడుతుండె, ఇప్పుడు నేను పెట్టాలె అన్నడు. తలుపుకు, గేజుకు, ఈలకు, అన్నిటికి బొట్టు పెట్టిండు. నేను పక్కపొంటి నిలబడి నవ్విన. ఏందిరా బావా, పెండ్లిపిల్లను జేసినవ్ అన్న. సచ్చినోని మీద ఎట్ల చెప్తా మామా? సచ్చి పండినంక గూడ వాడు తిట్లు పడాల్నా? నా మీదనే ఉండనియ్యి అనుకున్న."

రాజయ్య లేచి నిలబడ్డాడు. గోడకు ఆనించిన తలుపు దగ్గరికి వెళ్లాడు. దాని మీద చెయ్యి వేశాడు, గొడ్డు మెడ నిమిరినట్టు. ఆ పొద్దున జీవన్ పనికి బయల్దేరేటప్పుడు రాజయ్య గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో కొడుకు చొక్కా వీపు కనిపించింది. గొంతు దగ్గర కత్తి ఉందని తిరగలేదు. "బాపూ, పోయొస్త" అన్న మాటకు "ఊఁ" అన్నాడు. ముఖం చూడలేదు. అప్పటి నుంచి అతనికి నిద్రలోనూ మెలకువలోనూ ఆ చొక్కా వీపే కనిపిస్తోంది.

తలను వెనక్కి తీసి, తలుపు వంగిన అంచుకేసి కొట్టుకున్నాడు. మళ్లీ కొట్టుకున్నాడు. నుదురు పగిలి నెత్తురు కళ్లల్లోకి దిగింది. మూడోసారికి మోషే పాక్కుంటూ వచ్చి, మంచి చేత్తో అతని కాళ్లు చుట్టేసి లాగాడు. ఇద్దరూ దొర్లారు. విరిగిన చెయ్యి కింద పడి మోషే ఈసారి అరిచాడు. ఆ అరుపుకు గేటు దగ్గర పాపమ్మ కూడా అరిచింది. అంత దూరం నుంచి వినిపించింది.

"వద్దు మామా. నాకు ఒక్క పీనుగ సాలు."

రాజయ్య అతన్ని తన్నలేదు, తోసెయ్యలేదు. చాంబరుకు వీపు ఆనించి అలాగే కూర్చున్నాడు. రాడ్డు మాత్రం వేళ్ల మధ్యే ఉండిపోయింది.

అరుణకుమారి కొంగు కణతకు అదిమి పట్టుకుని మోషే పక్కన కూర్చుంది. "అన్నా, ఒకటి చెప్పు. రెండో చాంబరు ఈలకు గూడ పెట్టిండా పసుపు?"

మోషే ముఖం మారిపోయింది. ఇన్ని రోజులుగా చచ్చినవాడి పేరు దాచుకుంటూ వచ్చినవాడికి, దాన్ని ఎవరి ప్రాణంతో దాస్తున్నాడో అప్పటిదాకా తట్టలేదు.

"రెండింటికి పెట్టిండు," అన్నాడు. "మేడం, మా తమ్ముడు... ఆపున్రి మేడం, మా రవిగాడున్నడు ఆడ."

త్రిమూర్తులు అప్పటికే ఫోను తీశాడు. అందరికీ వినపడేలా పెట్టాడు. పక్క షెడ్డులో కంప్రెసరు మోత ఆ ఫోనులోంచి బయటికి దూకింది.

"రవీ, నేనురా. ఆ ఈల నోట్లో పసుపుందేమో చూడు."

"ఆ?"

"పసుపు, పసుపు. ఈల వాల్వులో."

"ఉన్నది సార్. పండుగది. రాయి లెక్క అయింది. ఏం, మళ్ల పూజ చెయ్యాల్నా?"

"వేళాకోళాలొద్దు. పిన్నుతో గోకి తీసెయ్."

కాసేపు కంప్రెసరు మోత. తర్వాత రవి గొంతు. "తీసిన సార్. లోపట ఇంకేందో తగుల్తున్నది. గట్టిగున్నది."

"అది వాల్వు గోళీరా. పిడి తిప్పితే జరుగుద్ది. ఉడకడం అయిపోయిందిగా, గాలి వదిలెయ్. ఈల విను. ఈల వస్తే ఆగు, రాకపోతే తెరువు."

"ఆగమనున్రి," అంది అరుణకుమారి. "నేను చెప్పేదాంక ముట్టొద్దని చెప్పున్రి."

ఆ మాట రవికి చేరకముందే ఫోను కట్టయింది. "పసుపు తీసేశాడు గదండీ," అన్నాడు త్రిమూర్తులు. చాలాసేపటి తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "మీరు చెప్పిన కారణం అదేగా. అది పోయింది. గాలి ఖాళీ అవడానికి ఇంకా టైము పడుద్ది. ముందు ఈ ముగ్గురినీ ఆస్పత్రికి పంపిద్దాం."

ఆ మాట సబబుగానే ఉంది. కాని అరుణకుమారికి కుదుట పడలేదు. పసుపు బయటి నుంచి పెట్టారు. గాలి లోపలి నుంచి తోస్తుంది. వేలితో కుక్కిన పసుపు ముద్ద ఆ ఒత్తిడికి ఎంతసేపు నిలుస్తుంది? పండగ మర్నాడు చాంబరు వెలిగించినప్పుడే ఒక్క దమ్ముతో ఎగిరిపోయి ఎదుటివాడి చొక్కా మీద పడాలి. పడలేదు. లోపలి నుంచి గాలి అసలు రాలేదు కాబట్టే పసుపు అక్కడ చల్లగా ఎండిపోయి రాయి అయింది.

"అన్నా, పానా ఉన్నదా?" అని కానిస్టేబులుని అడిగింది. అతను ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకునే గోడ మీది పెద్ద పానా తెచ్చాడు. "మీ ఫోనుల వీడియో తియ్యున్రి. నేను ఈ తలుపు ఈలను విప్పుతున్న."

సాక్ష్యంగా ఉండే అలాంటి ముక్కను ల్యాబులో, అన్ని పక్షాల మనుషులూ ఉండగా విప్పాలి. ఆమె సర్వీసులో ఒక్కసారి కూడా ఆ పద్ధతి తప్పలేదు. ఈసారి తప్పింది. వాల్వు మసితో గట్టిగా బిగిసి ఉంది. పానా మీద ఒళ్లంతా వేసి వేలాడితే కిర్రుమని తిరిగింది. ఊడదీసి, పసుపు గీకేసి, పిడి తెరిచి వెలుతురుకు పెట్టి చూసింది. అటునుంచి ఇటు వెలుగు కనిపించాలి. కనిపించలేదు. సన్నటి తీగ పెట్టి పొడిచింది. కొంచెం దూరం వెళ్లి ఆగింది. ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడు.

వెనక వైపు, చాంబరు లోపలికి ఉండే కొస, మసితో నల్లటి ముద్దలా ఉంది. గుడ్డను పెట్రోలులో ముంచి రుద్దింది. మసి కింద తెల్లటి పొర వచ్చింది. పైపులు బిగించేటప్పుడు పూసే సఫేదా. దాని కింద చుట్టిన నూలుదారం. దారం మధ్యలో ఆరు పలకల బోల్టు తల.

ఎవరో లోపలి వైపు నుంచి బోల్టు దించి, దారం చుట్టి, సఫేదా పూసి, ఈల గొంతు శాశ్వతంగా మూసేశారు.

"పసుపు గాదు," అంది అరుణకుమారి. రాజయ్య వైపు తిరిగింది. ఈ ఒక్క మాటైనా అతనికి ఇవ్వగలుగుతోంది. "పెద్దాయన, మీ కొడుకు పెట్టిన పసుపు ఏం జెయ్యలే. అది పెట్టకముందే ఇది మూసి ఉన్నది. వినపడుతున్నదా? మీ కొడుకు తప్పేం లేదు."

రాజయ్య నెత్తురు తుడుచుకుని చూశాడు. "ఇటియ్యి," అన్నాడు.

వాల్వు అందుకున్నాడు. బోల్టు చుట్టూ ఉన్న దారాన్ని బొటనవేలితో తడిమాడు. దారం ఎవరైనా కుడి వైపుకి చుడతారు. ఇది ఎడమకి చుట్టి ఉంది, కొస మీద రెండు ముడులతో. రాజయ్య ఎడమచేతి వాటం మనిషి. రాడ్డు కూడా ఎడమచేతిలోనే ఉంది.

ఆ ముడుల మీద అతని బొటనవేలు ఆగిపోయింది.

"ఇది నేను జుట్టిన దారం," అన్నాడు రాజయ్య.

"మామా, ఏం మాట్లాడుతున్నవ్?"

"నేనేరా. నా చెయ్యి నాకు తెల్వదా?" గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంది. "గని ఇది గీ తలుపుది కాదు. వెనకబడేసిన పాత చాంబరు లేదా, దాన్ని నేనున్నప్పుడే గాలి ట్యాంకు జేసినం. ట్యాంకుకు ఈల ఎందుకు, గాలి కారుతది అని బోల్టు గొట్టి మూసిన. దాన్ని ఎవ్వరు తెరిచేది లేదు, మూసేది లేదు. ఇది ఈడికి ఎట్లొచ్చింది?" తల ఎత్తాడు. "త్రిమూర్తులు సారూ, ఇది ఈడికి ఎట్లొచ్చింది?"

త్రిమూర్తులు డ్రమ్ము అంచు పట్టుకున్నాడు.

"ఈలలు కారుతున్నాయి," అన్నాడు. "పండక్కి ఓనరుగారు కుటుంబంతో వస్తానన్నారు. కొత్తవి తెప్పించేలోగా ట్యాంకు మీద ఊరికే ఉన్నాయి గదాని విప్పించి వీటికి పెట్టించాను. పైకి బాగానే ఉన్నాయి రాజయ్యా. కారడం ఆగిపోయింది. లోపల బోల్టుందని నేను కలగన్నానా?"

రాజయ్య నుంచి దెబ్బ వస్తుందని అందరూ అనుకున్నారు. రాలేదు. అతను వాల్వు వైపే చూస్తున్నాడు. కొడుకు చేతి నుంచి తొలగిన పాపం తిన్నగా వచ్చి తన చేతిలో కూర్చుంది.

అరుణకుమారి మాత్రం ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. "వీటికి అన్నరు," అంది. "పాతదాని మీద ఈలలు ఎన్నుండె?"

"రెండు," అన్నాడు రాజయ్య. అంటూనే అతని కళ్లు పెద్దవయ్యాయి. "రెండూ నేనే మూసిన."

లోపట ఇంకేందో తగుల్తున్నది, గట్టిగున్నది. ఫోనులో రవి అన్న మాట అందరి చెవుల్లోనూ ఒకేసారి మోగింది. త్రిమూర్తులు మళ్లీ ఫోను చేశాడు. రింగవుతోంది. ఎత్తడం లేదు. పక్క షెడ్డు నుంచి ఇంతసేపూ వినిపిస్తున్న గాలి వదిలే బుస సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. గాలి అయిపోయి ఆగిందో, గొట్టం మూసుకుపోయి ఆగిందో చెప్పగలిగిన ఒకే ఒక్క ఈల గొంతులో రాజయ్య బోల్టు ఉంది.

ముందు లేచింది రాజయ్యే. ఆ వయసులో, ఆ నెత్తుటి ముఖంతో అతను అలా పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. టైర్ల గుట్టల మధ్య దారి నుంచి, చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా పరుగెత్తాడు. అరుణకుమారి వెనకే పరుగెత్తింది. కళ్లద్దాలు లేక ఆమెకు అంతా మసగ్గా ఉంది, టైర్లకు కొట్టుకుని రెండుసార్లు పడింది. మోషే లేవబోయి కూలిపోయి, అక్కడి నుంచే తమ్ముడి పేరు పిలిచాడు.

రెండో షెడ్డులో కంప్రెసరు మోత తప్ప మరేమీ వినపడదు. రవి కుమార్ ఈల పిడి విప్పి చెవి ఆనించి విన్నాడు. ఈల రాలేదు. పసుపు కూడా తీసేశాడు కాబట్టి అనుమానానికి చోటు లేదు. రింగు తిప్పడానికి వాడే పొడవాటి ఇనుప పైపును రింగు కన్నంలోకి దూర్చాడు. చేతులు తుడుచుకుని, పట్టు సరిచూసుకుంటున్నాడు.

అప్పుడు చూశాడు. వెనక దారి నుంచి రాజయ్య వస్తున్నాడు. ముఖమంతా నెత్తురు. చేతిలో ఇనుప రాడ్డు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, మోతలో ఒక్క ముక్క కూడా వినపడటం లేదు. ఆ రాడ్డు చేతిలో ఉందన్న సంగతే రాజయ్య మరిచిపోయాడు. రవి మరిచిపోలేదు. మోషే ఇంట్ల గూడ ఒక పీనుగ లేస్తది అన్న మాట ఆ కాలనీ మొత్తానికి తెలుసు. అన్నని ఇవాళ ఈ కంపెనీకే తీసుకొస్తారని రవికి తెలుసు. ఆ నెత్తురు ఎవరిదో రవి తనకు తానే చెప్పుకున్నాడు.

పారిపోవడానికి వెనక గోడ. చుట్టూ చూశాడు. చేతికి అందే ఇనుము ఒక్కటే, రింగులో దూర్చిన పైపు.

రాజయ్య రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ చాంబరు తలుపుకి సరిగ్గా ఎదురుగా వచ్చేశాడు. వద్దు, వద్దు అని అతని పెదవులు అంటున్నాయి. రవికి ఊగుతున్న రాడ్డు మాత్రమే కనిపించింది.

రెండు చేతులతో పైపు పట్టుకుని, కాలు చాంబరుకు తన్నిపెట్టి, బలమంతా వేసి లాగాడు.

పైపు ఊడి రాలేదు. రింగు కదిలింది.